హిరోషిమా, నాగసాకి మీద బాంబులు వేయకపోతే యుద్ధం ఆగేది కాదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఆగస్టులో ఇదే గొడవ. ఒకళ్ళేమో బాంబు వేయబట్టే యుద్ధం ఆగింది, లక్షల ప్రాణాలు నిలబడ్డాయి అంటారు. ఇంకొకళ్ళేమో జపాన్ అప్పటికే లొంగిపోతుంటే అమెరికా కావాలని చంపింది అంటారు. ఇద్దరి చేతిలోనూ కొంత నిజం ఉంది, కొంత తర్వాత కల్పించిన కథా ఉంది. ఈ విషయం మీద నేను చాలా ఏళ్ళుగా చదువుతున్నా, నన్ను ఎక్కువమంది అడిగేవి, నేను చెప్పేవి ఇక్కడ పెడుతున్నా. నా సొంత అభిప్రాయం వచ్చిన చోట అది నా అభిప్రాయమే అని చెప్తా.

అసలేం జరిగిందో ముందు రెండు ముక్కల్లో చెప్పండి

1945 ఆగస్టు 6 పొద్దున 8:15కి హిరోషిమా మీద, ఆగస్టు 9 పొద్దున 11:02కి నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. మొదటిది యురేనియం బాంబు, రెండోది ప్లుటోనియం బాంబు, రెండు విమానాలూ పసిఫిక్‌లో టినియన్ అనే చిన్న దీవి నుంచే లేచాయి. ఆ ఏడాది ఆఖరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మందికి పైగా చనిపోయారని అంచనా. ఈ రెండు బాంబుల మధ్యలో, ఆగస్టు 8న సోవియట్ యూనియన్ జపాన్ మీద యుద్ధం ప్రకటించింది, చాలామంది ఈ ముక్క మర్చిపోతారు. ఆగస్టు 15 మధ్యాహ్నం చక్రవర్తి హిరోహిటో గొంతు రేడియోలో వచ్చింది, సెప్టెంబర్ 2న మిస్సోరీ అనే యుద్ధనౌక మీద సంతకాలు అయ్యాయి.

బాంబు వేయకపోతే పది లక్షల మంది అమెరికన్ సైనికులు పోయేవాళ్ళంట కదా?

ఈ పది లక్షల లెక్క జనంలోకి వచ్చింది యుద్ధం అయిపోయాక. అప్పటి యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ 1947లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు, అందులో అమెరికా వైపే పది లక్షలు దాటేవి అన్నాడు, అది కూడా చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు అందరూ కలిపి. జనం నోళ్ళలో పడేసరికి అది పది లక్షల చావులు అయిపోయింది.

మరి 1945లో వాళ్ళ ముందున్న కాగితాల్లో ఏముంది? ప్లాన్ రెండు భాగాలు, ముందు నవంబర్ 1న దక్షిణాన ఉన్న క్యుషు దీవి మీద దిగడం, తర్వాత 1946 మార్చిలో టోక్యో దగ్గర దిగడం. జూన్ మధ్యలో సైనిక ప్లానర్లు వేసిన ఒక లెక్క ప్రకారం రెండూ కలిపి చావులు 40,000 చుట్టుపక్కల, గాయాలతో కలిపితే రెండు లక్షల దాకా. జూన్ 18న ప్రెసిడెంట్ ట్రూమన్ దగ్గర మీటింగ్ జరిగినప్పుడు అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్షల్ మొదటి నెల నష్టం ఫిలిప్పీన్స్‌లోని లుజోన్‌లో అయిన దాన్ని మించదని చెప్పాడు, అంటే చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి 31,000.

అలాగని ఈ చిన్న లెక్కలే కరెక్టు అని నేను అనను. ఆ మీటింగ్ తర్వాత జపాన్ క్యుషులోకి సైన్యాన్ని తోలుతూనే ఉంది, ఆగస్టు మొదటికి అమెరికా ఇంటెలిజెన్స్ లెక్కలోనే అక్కడి బలగం ఐదు లక్షలు దాటింది. అప్పుడే ఒకినావా అయిపోయింది, ఆ ఒక్క దీవి కోసం 12,000 మందికి పైగా అమెరికన్లు, లక్ష దాకా జపాన్ సైనికులు, ఇంచుమించు అంతమంది మామూలు జనం చచ్చిపోయారు. అది చూసినవాళ్ళు క్యుషు గురించి భయపడ్డారంటే భయపడరా మరి. కాబట్టి భయం నిజం, పది లక్షల చావులు అన్నది మాత్రం తర్వాత కట్టుకున్న సమర్థన. ఇంకో మాట, చావులు 40,000 అయినా నాలుగు లక్షలైనా తన దేశం కుర్రాళ్ళ విషయంలో ఏ ప్రెసిడెంటూ ఫర్వాలేదులే అనుకోడు.

జపాన్ అప్పటికే లొంగిపోవడానికి రెడీగా ఉందని విన్నాను, నిజమేనా?

యుద్ధం పోయిందని వాళ్ళకి తెలుసు. ప్రధానిగా చేసిన కొనోయె 1945 ఫిబ్రవరిలోనే చక్రవర్తి ఎదురుగా కూర్చుని ఓటమి తప్పదు అని చెప్పాడు. ఓడిపోయామని తెలియడం వేరు, లొంగిపోవడం వేరు, ఈ రెండిటికీ మధ్య ఆరు నెలలు నడిచాయి, ఆ ఆరు నెలల్లోనే టోక్యో కాలింది, ఒకినావా పోయింది, బాంబులు పడ్డాయి. జపాన్ పెద్దల మీద నాకున్న కోపం అంతా ఇక్కడే.

జూలైలో విదేశాంగ మంత్రి టోగో మాస్కోలో ఉన్న తన రాయబారి సాటోకి టెలిగ్రాములు పంపాడు, సోవియట్ వాళ్ళని మధ్యవర్తిత్వం అడుగు, కొనోయెని దూతగా పంపుతాం అని. అమెరికా ఆ కోడ్ ఎప్పుడో పగలగొట్టింది కాబట్టి అవన్నీ వాషింగ్టన్‌లో చదివారు. "జపాన్ శాంతి అడుగుతోందని అమెరికాకి తెలుసు" అనేవాళ్ళు చూపించేది వీటినే, అందులో తప్పు లేదు. కానీ ఆ టెలిగ్రాములు మొత్తం చదవాలి. సాటో చాలా ముక్కుసూటి మనిషి, అసలు మీ షరతులేంటో చెప్పకుండా నేను వీళ్ళని ఏమని అడగను, రాజవంశాన్ని ఉంచితే చాలు మిగతాదంతా ఒప్పుకుంటాం అనండి, అంతకంటే మంచిది దొరకదు అని రాశాడు. దానికి జూలై 21న టోగో ఇచ్చిన జవాబు ఏంటంటే, మిత్రదేశాలు అడుగుతున్న బేషరతు లొంగుబాటుకి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోం అని. రాజవంశం ఒక్కటి ఉంటే చాలు అన్న మాటని కూడా ఆయన పట్టుకోలేదు.

ఇందులో టోగోని ఒక్కడినే అనడానికి లేదు, ఆయన వెనక సైన్యం ఉంది. నిర్ణయం చేసేది ఆరుగురు. ప్రధాని సుజుకి, టోగో, సైన్యం మంత్రి అనామి, నౌకాదళ మంత్రి యొనాయ్, రెండు దళాల అధిపతులు ఉమెజు, టొయోడా. అనామి, ఉమెజు, టొయోడా ముగ్గురూ ఒక్క పెద్ద యుద్ధం చేసి అమెరికన్లని బాగా నష్టపరిస్తే మంచి షరతులు వస్తాయి అనే ఆశ మీద ఉన్నారు. మిగతా ముగ్గురికి ఆపాలని ఉన్నా గట్టిగా చెప్పే ధైర్యం లేదు, చెప్తే కుర్ర ఆఫీసర్లు చంపేస్తారు, ఆ దేశంలో అంతకు ముందు ప్రధానుల్నే అలా చంపారు.

అయితే "మీ చక్రవర్తిని ఉంచుతాం" అని ముందే చెప్పేస్తే పోయేదిగా?

నాకు అన్నిటికంటే బాధ అనిపించేది ఇదే. ఈ మాట చెప్పమని అమెరికా ప్రభుత్వం లోపలే అడిగారు. పదేళ్ళు టోక్యోలో రాయబారిగా చేసిన జోసెఫ్ గ్రూ మే నెలలోనే అడిగాడు. జపాన్‌ని లొంగిపొమ్మని మిత్రదేశాలు చేసిన హెచ్చరికే పోట్స్‌డామ్ ప్రకటన, స్టిమ్సన్ పంపిన దాని డ్రాఫ్టులో ఇప్పుడున్న రాజవంశం కింద రాజ్యాంగబద్ధమైన రాచరికం ఉండొచ్చు అనే ముక్క ఉంది. జూలై 26న ప్రకటన బయటికి వచ్చేసరికి ఆ ముక్క లేదు, తీయించినవాళ్ళలో ముఖ్యుడు విదేశాంగ మంత్రి బర్న్స్. అప్పటి అమెరికాలో జనం మూడ్ కూడా అలాంటిది, జూన్‌లో చేసిన గాలప్ సర్వేలో మూడో వంతు మంది హిరోహిటోని ఉరి తీయాలన్నారు.

తీరా ఏమైంది? చక్రవర్తిని ఉంచారు. 1989లో చనిపోయేదాకా హిరోహిటో సింహాసనం మీదే ఉన్నాడు. ఆఖర్లో ఎలాగూ ఇచ్చేదాన్ని ముందే ఇచ్చి చూడలేదు.

ఇస్తే జపాన్ ఒప్పుకునేదా అంటే జూలైలో అయితే ఒప్పుకునేది కాదని నాకనిపిస్తుంది, ఎందుకంటే సైన్యం అడిగేది చక్రవర్తి ఒక్కటే కాదు, మమ్మల్ని మేమే నిరాయుధుల్ని చేసుకుంటాం, మా యుద్ధ నేరస్థుల్ని మేమే విచారించుకుంటాం, మా గడ్డ మీద పరాయి సైన్యం ఉండకూడదు అని ఇంకో మూడు ఉన్నాయి. కానీ సుజుకికి, టోగోకి చేతిలో ఒక ఆధారం దొరికేది, లోపల వాదించుకోవడానికి ఒక పట్టు దొరికేది. ఆ తలుపు తట్టి చూడలేదు అన్నదే నా ఫిర్యాదు.

ట్రూమన్ రాత్రంతా కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం అంటారు కదా?

బాంబా, దండయాత్రా అని రెండు ఫైళ్ళు ముందు పెట్టుకుని ఒకటి ఎంచుకున్న సీన్ ఎక్కడా లేదు. బాంబు తయారైతే వాడతారు అన్నది 1945 నాటికి అందరూ మనసులో ఒప్పేసుకున్న సంగతి. ఏప్రిల్ 12న అప్పటి ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ చనిపోయేదాకా ట్రూమన్‌కి ఈ ప్రాజెక్టు లోపలి విషయాలే తెలియవు, వచ్చేసరికి బండి కదిలిపోయి ఉంది, ఆయన దాన్ని ఆపలేదు. జూలై 16న న్యూ మెక్సికో ఎడారిలో టెస్టు సక్సెస్ అయింది. జూలై 25న ఒక ఆర్డర్ వెళ్ళింది, ఆగస్టు 3 తర్వాత వాతావరణం బాగున్నప్పుడు హిరోషిమా, కొకురా, నీగాటా, నాగసాకిలలో ఒకదాని మీద వేయండి, తర్వాతవి తయారైన కొద్దీ వేయండి అని. అంతే, రెండో బాంబుకి మళ్ళీ ఎవర్నీ అడగక్కర్లేదు.

దండయాత్ర కూడా రద్దు చేసి బాంబు పెట్టుకున్నది కాదు. బాంబు, సముద్ర దిగ్బంధం, ఊళ్ళు కాల్చడం, సోవియట్ రాక, దండయాత్ర, ఇవన్నీ ఒకేసారి నడుస్తున్న ప్లాన్లు. ఏది ముందు పనిచేస్తే అది.

హిరోషిమా మిలిటరీ బేస్, అందుకే వేశారు అంటారు. అది అబద్ధమా?

సగం నిజం. దక్షిణ జపాన్ రక్షణ చూసే సైన్యం హెడ్‌క్వార్టర్స్ అక్కడే ఉంది, వేల మంది సైనికులు ఉన్నారు. కానీ బాంబుకి గురి పెట్టింది సైనిక శిబిరానికి కాదు, ఊరి నడిబొడ్డున ఇంగ్లిష్ అక్షరం T ఆకారంలో ఉండే అయోయి వంతెనకి, పైనుంచి చూస్తే స్పష్టంగా కనబడుతుందని. పేలింది అక్కడికి దగ్గర్లో ఒక ఆసుపత్రి పైన, నేల నుంచి 600 మీటర్ల ఎత్తులో. ట్రూమన్ జూలై 25న తన డైరీలో ఆడవాళ్ళూ పిల్లలూ కాదు, సైనికులే టార్గెట్ అని రాసుకున్నాడు. ఆ మాట ఎలా నమ్మాడో తెలీదు, ఊరి మధ్యలో వేస్తే చచ్చేది ఎవరో ఏ ఊళ్ళ మీద వేయాలో ఎంచిన టార్గెట్ కమిటీ కాగితాలు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ పొద్దున హిరోషిమా వీధుల్లో స్కూలు పిల్లలు ఉన్నారు. మంటలు వ్యాపించకుండా ఇళ్ళు కూల్చి ఖాళీ దారులు చేసే పనికి పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల్ని తీసుకొచ్చారు, పని అప్పుడే మొదలైంది, తల మీద కప్పు లేదు. అలా పనికి వచ్చిన పిల్లల్లో సుమారు 6 వేల మంది పోయారు. ఒక పిల్లాడి లంచ్ బాక్సు అక్కడి మ్యూజియంలో ఉంది, పొద్దున అమ్మ కట్టిచ్చిన క్యారేజీ, తినకముందే చనిపోయాడు, మూత వంకరపోయి లోపల అన్నం బొగ్గులా అయిపోయింది. ఆ బాక్సు పక్కనే వాళ్ళమ్మకి శవం దొరికింది. చచ్చినవాళ్ళలో పని కోసం తెచ్చిన కొరియన్లు వేల మంది, పట్టుబడి జైల్లో ఉన్న అమెరికన్ సైనికులు కూడా పన్నెండు మంది ఉన్నారు.

ముందే కరపత్రాలు వేసి హెచ్చరించారుగా?

మామూలు బాంబింగ్ గురించి కొన్ని ఊళ్ళ మీద కరపత్రాలు వేశారు, అది నిజం. హిరోషిమా మీద అణుబాంబు వేస్తున్నాం, వెళ్ళిపోండి అని ఎవరూ ఎక్కడా చెప్పలేదు. పోట్స్‌డామ్ ప్రకటనలో సర్వనాశనం తప్పదు అన్నారు తప్ప బాంబు మాట లేదు.

జనం లేని చోట పేల్చి చూపించొచ్చుగా?

ఈ ఆలోచన చేసింది ఆ బాంబు తయారుచేసిన సైంటిస్టులే. జూన్‌లో చికాగో నుంచి జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో ఒక రిపోర్టు వెళ్ళింది, ముందు ఎడారిలోనో దీవిలోనో ప్రపంచానికి చూపించండి, చెప్పకుండా వేస్తే రేపు ఆయుధ పోటీ మొదలవుతుంది అని. జూలైలో లియో సిలార్డ్ సంతకాలు సేకరించి పిటిషన్ పెట్టాడు, అది ప్రెసిడెంట్ దాకా చేరనేలేదు. ఇంకోవైపు ఓపెన్‌హైమర్, ఫెర్మి, లారెన్స్, కాంప్టన్ ఉన్న సైంటిస్టుల ప్యానెల్ మాత్రం యుద్ధాన్ని ఆపగలిగే డెమో ఏదీ మాకు తోచట్లేదు, నేరుగా వాడటం తప్ప దారి లేదు అని రాసిచ్చింది. పేలకపోతే పరువు పోతుంది, చూసినా జపాన్ నమ్మకపోవచ్చు, ఉన్నవే ఒకటో రెండో, ఇవీ వాళ్ళ అభ్యంతరాలు.

డెమో పనిచేసేది అని నేను బల్లగుద్ది చెప్పను, ఎందుకంటే హిరోషిమా కాలిపోయాక కూడా జపాన్ సైన్యం ముందు అనుమానించింది, సైంటిస్టు నిషినాని పంపి ఆగస్టు 8న కన్ఫర్మ్ చేసుకుంది, అప్పుడు కూడా వాళ్ళ దగ్గర ఇలాంటివి ఎన్ని ఉంటాయిలే అన్నవాళ్ళున్నారు.

జపాన్ లొంగింది బాంబుకా, రష్యాకా?

అసలు గొడవంతా ఈ ప్రశ్న మీదే, కాబట్టి ఆ రెండు రోజులు కొంచెం నెమ్మదిగా చూద్దాం.

ఆగస్టు 8 సాయంత్రం 5 గంటలకి మాస్కోలో రాయబారి సాటో సోవియట్ విదేశాంగ మంత్రి మోలొటోవ్‌ని కలవడానికి వెళ్ళాడు. పాపం ఆయన వెళ్ళింది మధ్యవర్తిత్వం గురించి జవాబు వస్తుందని. మోలొటోవ్ ఆయన్ని కూర్చోబెట్టి యుద్ధ ప్రకటన చదివి వినిపించాడు. కొద్ది గంటల్లోనే దాదాపు 15 లక్షల సోవియట్ సైన్యం జపాన్ చేతిలో ఉన్న ఈశాన్య చైనా, అంటే మంచూరియాలోకి దిగింది. ఫిబ్రవరిలో మిత్రదేశాల యాల్టా సమావేశంలో జర్మనీ లొంగిన రెండు మూడు నెలల్లో వస్తానని స్టాలిన్ మాటిచ్చాడు, జర్మనీ మే 8న లొంగింది, సరిగ్గా మూడు నెలలు.

ఆగస్టు 9 పొద్దున పదిన్నరకి టోక్యోలో ఆ ఆరుగురూ కూర్చున్నారు. చూడండి, హిరోషిమా అయి మూడు రోజులు, ఈ మూడు రోజుల్లో కౌన్సిల్ కూర్చోలేదు, సోవియట్ సైన్యం దిగిన కొన్ని గంటల్లో కూర్చుంది. హసెగావా లాంటి చరిత్రకారులు రష్యా దెబ్బే అసలు దెబ్బ అనడానికి ఇది ఒక పెద్ద ఆధారం. సోవియట్ మధ్యవర్తిత్వం అనే ఆశ మీదే శాంతి వర్గం నిలబడింది, పెద్ద యుద్ధం చేద్దాం అన్న సైన్యం కూడా ఉత్తరం వైపు రష్యా కదలదు అనే లెక్క మీదే నిలబడింది, ఒక్క రాత్రిలో రెండూ కూలాయి. అటువైపు అసాడా, రిచర్డ్ ఫ్రాంక్ లాంటివాళ్ళు చూపించేది ఏంటంటే, ఆగస్టు 8నే, అంటే రష్యా రాకముందే, టోగో చక్రవర్తిని కలిశాడు, ఇలాంటి ఆయుధం వచ్చాక యుద్ధం కొనసాగించలేం, త్వరగా ముగించండి అని చక్రవర్తి అన్నాడు.

మీటింగ్ నడుస్తుండగానే నాగసాకి కబురు వచ్చింది. అయినా ఆరుగురూ మూడు మూడుగా చీలిపోయే ఉన్నారు, చక్రవర్తి ఒక్క షరతు చాలని ముగ్గురు, నాలుగు షరతులూ కావాలని ముగ్గురు. మధ్యాహ్నం క్యాబినెట్లో అనామి ఇంకో మాట చెప్పాడు, పట్టుబడ్డ ఒక అమెరికన్ పైలట్ వాళ్ళ దగ్గర వంద బాంబులున్నాయి, తర్వాత టోక్యోనే అన్నాడని. ఆ కుర్రాడికి బాంబు గురించి ఏమీ తెలీదు, హింస తట్టుకోలేక నోటికొచ్చింది చెప్పాడు. వంద బాంబులున్నాయని నమ్మి కూడా అనామి లొంగుదామనలేదు, అది మర్చిపోకూడదు.

ఆ రాత్రి పన్నెండు అవుతుండగా ప్యాలెస్ కింద షెల్టర్లో చక్రవర్తి ఎదుట మళ్ళీ కూర్చున్నారు. రెండింటి దాకా వాదనలు. అప్పుడు ముసలి సుజుకి లేచి, మాలో మేం తేల్చుకోలేకపోతున్నాం, మీరే చెప్పండి అని చక్రవర్తిని అడిగాడు. అలా అడగడం ఆనవాయితీ కాదు. హిరోహిటో ఒక్క షరతు చాలన్న టోగో మాటకి ఓటేశాడు, ఆ కబురు అమెరికాకి వెళ్ళింది. దాని మీద ఆగస్టు 11న బర్న్స్ ఇచ్చిన జవాబు అటూ ఇటూ కాకుండా ఉండటంతో మళ్ళీ కొట్టుకున్నారు, 14న మళ్ళీ చక్రవర్తే తేల్చాడు. ఆ రాత్రి కొందరు ఆఫీసర్లు ప్యాలెస్‌ని ఆక్రమించి రికార్డు చేసిన ప్రసంగాన్ని ఎత్తుకుపోవాలని చూశారు, దొరకలేదు. అనామి తెల్లారేలోపు కడుపు చీల్చుకుని చనిపోయాడు.

చక్రవర్తి జనానికి చదివిన ప్రసంగంలో శత్రువు అతి క్రూరమైన కొత్త బాంబు వాడుతున్నాడు అని ఉంది, రష్యా మాట లేదు. రెండు రోజుల తర్వాత సైనికులకి ఇచ్చిన సందేశంలో రష్యా ఉంది, బాంబు లేదు. ఎవరికి ఏది చెప్తే తలవంచుతారో అది చెప్పారు. యొనాయ్ అయితే బాంబూ, రష్యా రాకా రెండూ దేవుడిచ్చిన వరాలు అన్నాడు, ఎందుకంటే దేశం లోపల జనం ఆకలితో తిరగబడతారనే భయం ఉంది, దాన్ని బయటికి చెప్పకుండా యుద్ధం ఆపడానికి ఇవి సాకు అయ్యాయి.

నా అభిప్రాయం అడిగితే, ఆ వారంలో ఆ లొంగుబాటుకి రెండు దెబ్బలూ కలిసి పనిచేశాయి, ఇందులో ఒకదాన్ని తీసేసి మిగతాది చాలేది అని ఎవరూ నిరూపించలేరు. కానీ బాంబు లేకుండా రష్యా రాక, చక్రవర్తి మీద హామీ, అప్పటికే ఊపిరి ఆడనివ్వని సముద్ర దిగ్బంధం, ఈ మూడూ కలిపి కొన్ని వారాలు ఆగి చూసే అవకాశం ఉంది. దండయాత్ర నవంబర్ 1న, ఇది ఆగస్టు మొదటివారం. మధ్యలో దాదాపు మూడు నెలలు ఉన్నాయి. తప్పనిసరి అనే మాట ఇక్కడే నిలవదు.

ఆగితే ఆ మూడు నెలల్లో ఎవరూ చచ్చేవాళ్ళు కాదా?

చచ్చేవాళ్ళు, చాలామంది. చైనాలో, ఇండోనేషియాలో, వియత్నాంలో జపాన్ ఆక్రమణ కింద జనం రోజూ చనిపోతున్నారు, వియత్నాంలో అప్పటికే ఘోరమైన కరువు వచ్చి లక్షల మంది పోయారు. దిగ్బంధం అంటే జపాన్‌లో ఆకలి చావులు. ఊళ్ళు కాల్చడం ఆగదు, ఆగస్టు 14 రాత్రి, చక్రవర్తి ఒప్పేసుకున్నాక కూడా, కుమగాయా, ఇసెసాకి ఊళ్ళని తగలబెట్టారు. సోవియట్ సైన్యం ఇంకా కిందకి వచ్చేది, స్టాలిన్ హొక్కైడోలో సగం అడిగాడు, ట్రూమన్ ఇవ్వనన్నాడు. చరిత్రకారుడు రిచర్డ్ ఫ్రాంక్ వాదన బలం అంతా ఇక్కడే ఉంది, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. బాంబు వద్దు అనేవాళ్ళు ఈ ఆసియా జనం సంగతి మాట్లాడకుండా వెళ్ళిపోతే ఆ వాదన నాకు నచ్చదు.

సరే హిరోషిమా వదిలేద్దాం, నాగసాకి ఎందుకు?

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉందనుకోను. రెండో బాంబుకి ముందు అనుకున్న తేదీ ఆగస్టు 11, వాతావరణం చెడిపోతుందని 9కి జరిపారు. టోక్యోలో ఏమనుకుంటున్నారు, రష్యా రాకతో ఏం మారింది అని చూసి తీసుకున్న నిర్ణయం కాదు, ఆర్డర్ ముందే ఉంది, బాంబు రెడీ అయింది, వేశారు. ఆ రోజు అసలు టార్గెట్ కొకురా, విమానం మూడుసార్లు తిరిగినా మబ్బూ పొగా వల్ల గురి కుదరలేదు, పెట్రోల్ అయిపోతోంది, నాగసాకికి మళ్ళారు. అక్కడ కూడా మబ్బే, సందు దొరికిన చోట వదిలారు, అది ఉరకామి లోయ. అక్కడ మిత్సుబిషి ఆయుధ ఫ్యాక్టరీలున్నాయి, ఆసియాలోనే పెద్ద చర్చిల్లో ఒకటి ఉంది, చుట్టూ తరతరాలుగా దాక్కుని మతం కాపాడుకున్న కాథలిక్కుల ఇళ్ళు ఉన్నాయి.

హిరోషిమా మీద సమర్థించేవాళ్ళతో నేను కూర్చుని గంటలు మాట్లాడగలను, వాళ్ళ వైపు కారణాలున్నాయి. నాగసాకి విషయంలో మాత్రం మూడు రోజులకి మించి ఆగకపోవడాన్ని నేను ఒప్పుకోలేను. ఆ కబురు విన్నాక కూడా కౌన్సిల్లో ఒక్క ఓటు మారలేదు.

మూడో బాంబు కూడా ఉందా?

ఆగస్టు 17, 18 తర్వాత వేయడానికి సిద్ధం అవుతుందని బాంబు ప్రాజెక్టు నడిపిన జనరల్ గ్రోవ్స్ ఆగస్టు 10న రాశాడు. మార్షల్ దాని మీదే ప్రెసిడెంట్ స్వయంగా చెప్తే తప్ప వేయొద్దు అని రాశాడు. అదే రోజు క్యాబినెట్లో ట్రూమన్ ఇంకో లక్షమందిని తుడిచేయడం అనే ఆలోచనే భయంకరంగా ఉంది, ఆ పిల్లలందర్నీ చంపడం ఇష్టం లేదు అన్నాడని మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో రాసుకున్నాడు. బాంబు ఎప్పుడు వేయాలన్నది ప్రెసిడెంట్ చేతిలోకి వచ్చింది ఆ రోజే, రెండు ఊళ్ళు పోయాక.

అమెరికా సైన్యాధికారులే అవసరం లేదన్నారంట?

అన్నారు. అడ్మిరల్ లేహీ అన్నాడు, ఐసెన్‌హోవర్ అన్నాడు, జపాన్ ఊళ్ళని తగలబెట్టించిన కర్టిస్ లెమే కూడా సెప్టెంబర్ 1945లోనే యుద్ధం ఆగడానికీ అణుబాంబుకీ సంబంధం లేదన్నాడు. 1946లో అమెరికా ప్రభుత్వ బాంబింగ్ సర్వే అయితే బాంబు లేకపోయినా, రష్యా రాకపోయినా, డిసెంబర్ 31లోపు ఖాయంగా, బహుశా నవంబర్ 1లోపే లొంగేది అని రాసింది. వీటిని చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఈ మాటలు ఎక్కువభాగం అయిపోయాక చెప్పినవి. రెండు, నేవీ వాళ్ళకి దిగ్బంధం గెలిపించింది అనిపించుకోవాలి, విమాన దళానికి మామూలు బాంబింగ్ గెలిపించింది అనిపించుకోవాలి. ఆ సర్వే చెప్పిన ముగింపుకి దాని సొంత ఇంటర్వ్యూలే చాలవని చరిత్రకారుడు బార్టన్ బెర్న్‌స్టీన్ చూపించాడు, ఆయన బాంబుని సమర్థించే మనిషి కూడా కాదు.

రష్యాని బెదిరించడానికే వేశారా?

చరిత్రకారుడు గార్ ఆల్పెరోవిట్జ్ 1965 నుంచి ఇదే వాదించాడు. ఆధారాలు లేకపోలేదు, మే నెలలో సిలార్డ్ వెళ్ళి కలిస్తే బర్న్స్ బాంబు మన దగ్గరుంటే రష్యా దారికొస్తుంది అన్న ధోరణిలో మాట్లాడాడు. పోట్స్‌డామ్‌లో ట్రూమన్ స్టాలిన్ పక్కకి వెళ్ళి మామూలుగా మా దగ్గర కొత్త ఆయుధం ఉంది అన్నాడు, గూఢచారుల ద్వారా స్టాలిన్‌కి ముందే తెలుసు. రష్యా ఆలోచన ఉంది, కానీ అది అదనపు లాభం, యుద్ధం త్వరగా ముగించాలన్నదే ముఖ్య కారణం అని ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారుల మాట, నాకూ అదే సరైనదనిపిస్తుంది.

టోక్యోలో మామూలు బాంబులతోనే లక్షమంది పోయారు కదా, మరి అణుబాంబునే ఎందుకు వేరుగా చూడాలి?

మార్చి 9 రాత్రి టోక్యోలో లక్షమంది దాకా కాలిపోయారు, ఆ తర్వాత 60కి పైగా ఊళ్ళు తగలబడ్డాయి. ఊరి జనాన్ని చంపొచ్చు అనే గీత దాటింది ఆ రోజే, హిరోషిమాలో కాదు, ఈ మాట నేను ఒప్పుకుంటా. తేడా రేడియేషన్‌లో ఉంది. గాయం లేకుండా బయటపడ్డవాళ్ళు రెండు వారాల తర్వాత జుట్టు ఊడి, చిగుళ్ళ నుంచి రక్తం కారి చచ్చిపోయారు, పసిపిల్లలుగా ఉన్నవాళ్ళకి పదేళ్ళ తర్వాత లుకేమియా వచ్చింది. యుద్ధం అయిపోయాక కూడా చంపుతూనే ఉంది. గ్రోవ్స్ ఆ నవంబర్లో సెనేట్ ముందు రేడియేషన్ చావు చాలా సుఖమైన చావు అని డాక్టర్లు చెప్పారన్నాడు.

జపాన్ చేసిన ఘోరాలు తక్కువా? మనకి మాత్రం సంబంధం ఏంటి?

తక్కువ కాదు, మనకి సంబంధం ఉంది కూడా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. రంగం (రంగూన్) వెళ్ళి బతుకుతున్న మనవాళ్ళు ఆ ఏడాది బర్మా నుంచి అడవుల్లో నడుచుకుంటూ పారిపోయి వచ్చారు, దారిలో కలరాతో, ఆకలితో ఎంతమంది రాలిపోయారో. మలయా రబ్బరు తోటల్లోని తమిళ, తెలుగు కూలీల్ని సయాం (ఇప్పటి థాయ్‌లాండ్), బర్మా రైలు మార్గం పనికి పట్టుకుపోయారు, వేల మంది తిరిగి రాలేదు. మలయా మీద సెప్టెంబర్లో దిగడానికి సిద్ధమవుతున్న బలగంలో ఎక్కువమంది భారతీయ సైనికులే, లొంగుబాటు వచ్చింది కాబట్టి వాళ్ళు యుద్ధం లేకుండా దిగారు. ఆ కుటుంబాల్లో ఎవరైనా బాంబు పడటం మంచిదైంది అంటే నేను వాళ్ళతో వాదించను.

యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో మన జడ్జి రాధాబినోద్ పాల్ నిందితులందరూ నిర్దోషులని రాసి, పసిఫిక్ యుద్ధంలో నాజీల ఆదేశాలకి దగ్గరగా వచ్చేది ఏదైనా ఉంటే అది అణుబాంబు వాడాలన్న నిర్ణయమే అన్నాడు. దాన్ని షేర్ చేసేవాళ్ళు ఒకటి వదిలేస్తారు, జపాన్ సైన్యం ఘోరాలు చేసిందని కూడా పాల్ అందులోనే ఒప్పుకున్నాడు. చైనాలోని నాన్‌జింగ్‌లో జనాన్ని చంపిన జపాన్ సైనికులు వేరు, హిరోషిమాలో క్యారేజీతో పనికెళ్ళిన పిల్లాడు వేరు. వీళ్ళ పాపానికి వాడు బాకీ పడలేదు.

ఇప్పుడు హిరోషిమా వెళ్తే రేడియేషన్ ఉంటుందా?

ఉండదు. బాంబు చాలా ఎత్తులో పేలింది కాబట్టి నేలలో మిగిలింది తక్కువ, ఉన్నదీ త్వరగా తగ్గిపోయింది, ఇప్పుడు అక్కడ ఉండేది మిగతా ఊళ్ళలో ఉండే మామూలు స్థాయే. మ్యూజియంకి సగం రోజైనా పెట్టుకోండి, నాగసాకికి కూడా వెళ్ళండి, చాలామంది హిరోషిమా చూసి వెనక్కి వచ్చేస్తారు.